రెండో ఓటు ఎవరిది?

ఏటా ఏప్రిల్ 14 దగ్గరపడగానే విద్యార్థి సభల్లో నాకు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ప్రతి వయోజనుడికీ ఓటు హక్కు ఇచ్చిన రాజ్యాంగానికి రూపమిచ్చిన అంబేడ్కర్, ఆ రాజ్యాంగం కింద లోక్‌సభకు రెండుసార్లు పోటీచేసి రెండుసార్లూ ఎందుకు ఓడిపోయారు? అడిగే పిల్లల గొంతులో కొంత బాధ, కొంత అనుమానం ఉంటాయి. సభలో సమాధానాలు కూడా సిద్ధంగానే ఉంటాయి. కాంగ్రెస్ కుట్ర అని కొందరు, కమ్యూనిస్టుల ద్రోహమని కొందరు, సొంత జనమే గుర్తించలేదని మరికొందరు చెబుతారు. వీటిలో ఎంతో కొంత నిజం ఉండవచ్చు. నేను మాత్రం ముందుగా ఓటు వేసే పద్ధతిని చూడమంటాను. ఒక నియోజకవర్గంలో ఎన్ని స్థానాలున్నాయి, ఓటరు చేతిలో ఎన్ని ఓట్లున్నాయి, వాటిని ఒకరికే వేయవచ్చా, పంచి తీరాలా అన్న పొడి లెక్కల్లోనే ఆ ఓటమి చాలావరకు దాగి ఉంది. ఈ లెక్కలను ఈ దేశంలో అందరికంటే లోతుగా చదివింది ఓడిపోయిన ఆ మనిషే. కనుక ఈసారి ఆయన జీవితాన్ని నియోజకవర్గం అనే ఒక్క కిటికీలోంచి చూస్తాను.

1891లో మౌ సైనిక పట్టణంలో ఒక మహర్ సుబేదారు ఇంట్లో పుట్టిన భీమ్‌రావ్, బరోడా మహారాజు ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడి నుంచి లండన్ చేరి, డబ్బు చాలక చదువు మధ్యలో ఆపి తిరిగి వచ్చి, 1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యులయ్యారు. మూడు నెలలు తిరగకముందే ఓటు హక్కుపై విచారణ జరుపుతున్న సౌత్‌బరో కమిటీ ముందు నిలబడ్డారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడేళ్ళు. భూభాగాన్ని గీతలు గీసి ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో ప్రతినిధిని ఇస్తే ప్రాతినిధ్యం దానంతట అదే వస్తుందన్న నమ్మకాన్ని ఆయన అక్కడ ప్రశ్నించారు. ఒకే చోట నివసించేవారి ప్రయోజనాలు ఒకటే అనుకున్నప్పుడే ఆ గీతకు అర్థం ఉంటుంది. కులం ఉన్న ఊరిలో పక్క వీధి వేరే దేశం వంటిది. నీళ్ళు వేరు, గుడి వేరు, శ్మశానం వేరు. అభిప్రాయానికి ప్రాతినిధ్యం దక్కితే చాలదని, ఆ అభిప్రాయం గల మనిషి స్వయంగా సభలో కూర్చోవాలని ఆయన వాదన. ఆ వాదనను విన్నవారు చివరకు అణగారిన వర్గాలకు నామినేటెడ్ సభ్యత్వంతో సరిపెట్టారు.

స్థానిక సంస్థల విషయంలో ఆయనకు మొదటి పాఠం మహాడ్‌లో దొరికింది. సార్వజనిక చెరువులు, బావులు, సత్రాలు అందరికీ తెరవాలని 1923లో బొంబాయి శాసన మండలి ఎస్.కె. బోలే తెచ్చిన తీర్మానాన్ని ఆమోదించింది. మరుసటి ఏడు మహాడ్ పురపాలక సంఘం కూడా చవదార్ చెరువును అస్పృశ్యులకు తెరుస్తూ తీర్మానించింది. ఆ తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాదిమందిని నడిపించుకుంటూ వెళ్ళి ఆ నీళ్ళు ముట్టారు. ఊరిలో వారిపై దాడి జరిగింది. చెరువుకు శుద్ధి చేశారు. ఆ ఆగస్టులో అదే పురపాలక సంఘం తన పాత తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. హైకోర్టులో తీర్పు రావడానికి 1937 దాకా ఆగవలసి వచ్చింది. ఈ ఉదంతాన్ని మనం నీటి హక్కు కథగా చెప్పుకుంటాం. నేను దీన్ని ఎన్నికల కథగా కూడా చదువుతాను. ఆ పురపాలక సభ్యులకు ఉదారమైన తీర్మానం చేసే మనసు ఒకప్పుడు ఉంది. దాని మీద నిలబడే అవసరం మాత్రం వారికి లేదు. మళ్ళీ ఓటు అడగవలసింది ఎవరినో వారికి తెలుసు. ఆ జాబితాలో చెరువు దగ్గర దెబ్బలు తిన్నవారు లెక్కకు వచ్చేంతమంది లేరు.

అంబేడ్కర్ మొదటి నుంచీ ప్రత్యేక నియోజకవర్గాలే కోరారని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1928లో సైమన్ కమిషన్‌కు ఇచ్చిన వినతిలో ఆయన కోరింది వయోజన ఓటు హక్కు, ఉమ్మడి నియోజకవర్గాలు, వాటిలో రిజర్వుడు స్థానాలు. బొంబాయి మండలిలో 140 స్థానాలుంటే అందులో 22 అణగారిన వర్గాలకు ఇవ్వాలన్నారు. వయోజనులందరికీ ఓటు ఇవ్వని పక్షంలోనే ప్రత్యేక నియోజకవర్గాలు అడుగుతామన్నారు. ఓటు ఆస్తిపరులకే పరిమితమైతే ఉమ్మడి జాబితాలో తన జనం కనబడకుండా పోతారు కనుక ఆ షరతు పెట్టారు. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశం నాటికి వయోజన ఓటు రాదని తేలిపోయింది. మిగిలిన మైనారిటీలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఖాయమయ్యాయి. అప్పుడు ఆయన వైఖరి మార్చుకున్నారు. దీన్ని నిలకడలేమి అనేవారున్నారు. నా దృష్టిలో ఆయన మార్చింది పనిముట్టును మాత్రమే. గెలిచిన ప్రతినిధి ఎవరికి జవాబు చెప్పుకోవలసి వస్తుంది అన్న ప్రశ్నను చివరిదాకా మార్చలేదు.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అణగారిన వర్గాలకు డెబ్బై పైచిలుకు ప్రత్యేక స్థానాలు ఇచ్చింది. దానికి మించి మరొకటి ఇచ్చింది. ప్రత్యేక నియోజకవర్గంలో తమ ప్రతినిధిని ఎన్నుకునే ఓటుతోపాటు, సాధారణ నియోజకవర్గంలో కూడా వారికి ఓటుంటుంది. అంటే ఒక్కొక్కరికి రెండు ఓట్లు. నా ఈ వ్యాసమంతా ఆ రెండో ఓటు గురించే. మొదటి ఓటుతో తమ మనిషి సభకు వెళతాడు. రెండో ఓటు కోసం సవర్ణ అభ్యర్థి వారి గడప తొక్కవలసి వస్తుంది. గడప తొక్కినవాడు చెరువు తీర్మానాన్ని అంత తేలికగా రద్దు చేయలేడు. ఆ రెండో ఓటు విలువ కట్టలేనిదని, రాజకీయ ఆయుధంగా దానికి సాటి లేదని అంబేడ్కర్ తర్వాత తన గ్రంథంలో వివరించారు.

సెప్టెంబరు 20న ఎరవాడ జైలులో గాంధీ నిరాహార దీక్ష మొదలుపెట్టారు. 24న పూనా ఒడంబడికపై సంతకాలయ్యాయి. ఒక వృద్ధ నాయకుడి ప్రాణం, ఆ ప్రాణం పోతే ఊళ్ళలో తన జనం మీద జరగగల ప్రతీకారం రెండూ ఆ రోజుల్లో అంబేడ్కర్ ముందున్నాయి. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. రాష్ట్ర శాసనసభల్లో రిజర్వుడు స్థానాలు 148కి పెరిగాయి. అందులో తెలుగు జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రానికి 30 వచ్చాయి. మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడ ఆగుతాయి. స్థానాలు దాదాపు రెట్టింపయ్యాయి కనుక లాభమే కదా అని విద్యార్థి అనుకుంటాడు. స్థానాలు పెరిగిన మాట నిజమే. రెండో ఓటు మాత్రం పోయింది. రిజర్వుడు స్థానంలో ఎవరు గెలవాలో తేల్చే అధికారం ఉమ్మడి ఓటర్ల చేతికి, అంటే ఎక్కువ చోట్ల సవర్ణ ఓటర్ల చేతికి వెళ్ళింది. ఒక రక్షణగా ప్రాథమిక ఎన్నిక పెట్టుకున్నారు. ముందు అణగారిన వర్గాల ఓటర్లు మాత్రమే ఓటువేసి నలుగురిని ఎంపిక చేస్తారు. ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకుంటారు. వాడ తిరస్కరించినవాడు ఊరి బలంతో నెగ్గకుండా ఆపడం దాని ఉద్దేశం. అయితే ప్రాథమిక ఎన్నికలో నాలుగో స్థానంలో వచ్చినవాడు కూడా చివరి ఎన్నికలో నెగ్గవచ్చు. పైగా ఆ రక్షణ గడువు పదేళ్ళే.

ఒడంబడిక మీద సిరా ఆరకముందే, 1932 అక్టోబరులో, బొంబాయి శాసన మండలిలో గ్రామ పంచాయతీల బిల్లు చర్చకు వచ్చింది. అంబేడ్కర్ దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఊరందరికీ ఓటు ఇచ్చాం కదా, ఇంకేం కావాలి అన్నవారికి ఆయన చెప్పిన సమాధానం సూటిగా ఉంది. ప్రతి ఊరిలోనూ అల్పసంఖ్యాకులుగా ఉన్న అస్పృశ్యులకు వయోజన ఓటు ఒక్కటే రక్షణ కాదు. వారికి ప్రత్యేక ప్రాతినిధ్యం ఉండాలి. లేకపోతే ఊరి పెత్తనానికి ప్రభుత్వం న్యాయాధికారం కూడా జోడించినట్లవుతుంది. శాసనసభ ఎన్నికలకంటే ఊరి ఎన్నికే మనిషి మెడకు దగ్గరగా ఉంటుందని ఆయనకు తెలుసు. పూనా ఒడంబడికలో స్థానిక సంస్థల ఎన్నికల్లో అస్పృశ్యతను అనర్హతగా చూడరాదన్న షరతు ఉంది. కానీ అనర్హత లేకపోవడం వేరు, గెలిచే వీలుండడం వేరు.

ఆ వీలు ఎక్కడుందో ఒక ఊరి లెక్కతో చెబుతాను. ఊరిలో 1,000 మంది ఓటర్లు, వారిలో 300 మంది దళితులు, పంచాయతీలో మూడు స్థానాలు అనుకుందాం. ఊరంతా ఒకే నియోజకవర్గం. ఒక్కొక్కరికి మూడు ఓట్లు. వాటిని ముగ్గురు వేర్వేరు అభ్యర్థులకే పంచాలన్నది నియమం. 700 మంది కట్టుగా ఉంటే వారి ముగ్గురికీ తలా 700 ఓట్లు వస్తాయి. దళిత అభ్యర్థికి 300 దగ్గరే ఆగుతాయి. మూడు స్థానాలూ వారివే. ఇప్పుడు ఒక్క నియమం మార్చండి. మూడు ఓట్లనూ కూడబెట్టి ఒకరికే వేయవచ్చు అనండి. 300 మంది తమ ఓట్లన్నీ ఒక్క అభ్యర్థికి వేస్తే 900 అవుతాయి. మిగిలిన 700 మంది చేతిలో ఉన్నవి 2,100 ఓట్లు. మూడు స్థానాలూ వారికే కావాలంటే ముగ్గురిలో ప్రతి ఒక్కరూ 900 దాటాలి. అందుకు 2,700కు పైగా ఓట్లు కావాలి. అవి లేవు. కనుక దళితుల స్థానం ఒకటి ఖాయం. రిజర్వేషన్ లేకుండానే, ఓటర్ల జాబితాను కులాలవారీగా విడదీయకుండానే అది ఖాయం.

అదే ఊరిని మూడు వార్డులుగా కోసి ఒక్కో వార్డుకు ఒక్క సభ్యుణ్ణి ఇస్తే ఏమవుతుంది? 300 మందీ ఒకేచోట ఉండి, గీత వారి చుట్టూ పడితే ఒక స్థానం వారిదవుతుంది. గీత వాడ మధ్యలోంచి పోతే ఒక్కటీ రాదు. ఏకసభ్య వార్డులో గీత గీసేవాడు సగం ఎన్నిక ముందే జరిపిస్తాడు. ఊరంతా ఒకటిగా ఉన్న నియోజకవర్గంలో ఓట్ల నియమం రాసేవాడు ఆ పని చేస్తాడు. మంచిచెడ్డలు తేల్చేది ఆ నియమమే.

ఈ నియమం మీద పోరాటం పూనా ఒడంబడిక తర్వాత అసలుగా మొదలైంది. ఉమ్మడి నియోజకవర్గంలో రిజర్వుడు స్థానం ఇవ్వాలంటే ఒకటికంటే ఎక్కువ స్థానాలున్న నియోజకవర్గాలు అవసరమయ్యాయి. అప్పుడు ఓటరుకు ఒకే ఓటు ఉండాలా, ఉన్నవాటిని పంచాలా, కూడబెట్టవచ్చా అన్న ప్రశ్న 1935 తర్వాత హామండ్ కమిటీ ముందుకు వచ్చింది. కూడబెట్టే ఓటు కావాలని అస్పృశ్య నాయకులు కోరారు. పంచి తీరాలని సవర్ణ నాయకులు పట్టుబట్టారు. కారణం అంబేడ్కర్ విడమరచి రాశారు. తప్పనిసరిగా పంచాలంటే, సాధారణ స్థానానికి ఒక ఓటు వేసిన సవర్ణుడి చేతిలో మరో ఓటు మిగిలి ఉంటుంది. అది రిజర్వుడు స్థానం మీదకు వెల్లువలా వచ్చి పడుతుంది. అక్కడ అస్పృశ్యులు మెచ్చినవాడిని ఆ వెల్లువ ముంచి, సవర్ణులు మెచ్చిన అస్పృశ్యుణ్ణి ఒడ్డుకు చేరుస్తుంది. కూడబెట్టే వీలుంటే తమ సాధారణ అభ్యర్థుల గెలుపు కోసం సవర్ణులు తమ ఓట్లను అక్కడే ఖర్చు చేయవలసి వస్తుంది.

బొంబాయి రాష్ట్రానికి కూడబెట్టే ఓటు దక్కింది. 1937 ఎన్నికల్లో అంబేడ్కర్ కొత్తగా పెట్టిన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ 17 మందిని నిలబెట్టి 14 చోట్ల గెలిచింది. బొంబాయి నగరంలో ఆయన మీద కాంగ్రెస్ నిలబెట్టింది సామాన్యుణ్ణి కాదు. చమార్ కులంలో పుట్టి దేశం మెచ్చిన బౌలర్‌గా పేరు తెచ్చుకున్న పల్వాంకర్ బాలూను పోటీకి దించింది. అంబేడ్కర్ సుమారు రెండు వేల ఓట్ల తేడాతో నెగ్గారు. ఓటు నియమం ఒక్కటే గెలిపించిందని నేను అనను. మిల్లు కార్మికుల మద్దతు ఉంది, పదేళ్ళ ఉద్యమం ఉంది. కానీ తన జనం తమ బలాన్ని ఒకచోట పోగుచేయగలిగిన ఎన్నికల్లో ఆయన గెలిచారన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. అటువంటి వీలు లేని ఎన్నికలు తర్వాత వచ్చాయి.

1946 రాష్ట్ర ఎన్నికల్లో ఆయన షెడ్యూల్డ్ కులాల సమాఖ్య దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. దేశమంతటా రెండు స్థానాలే మిగిలాయి. ప్రాథమిక ఎన్నికలు జరిగిన చోట్ల దళితులు ఎవరిని ఎంచుకున్నారో చూడండని ఆయన బ్రిటిష్ వారికి అంకెలు చూపించారు. ఎవరూ పట్టించుకోలేదు. రాజ్యాంగ సభలోకి సొంత బొంబాయి నుంచి దారి లేక, జోగేంద్రనాథ్ మండల్ తోడ్పాటుతో బెంగాల్ నుంచి వెళ్ళవలసి వచ్చింది. ఆ సభలోనే 1947 ఆగస్టులో మన తెలుగు నేల నుంచి, కర్నూలు ప్రాంతం నుంచి వెళ్ళిన ఎస్. నాగప్ప ఒక సవరణ తెచ్చారు. రిజర్వుడు స్థానంలో గెలిచాడని ప్రకటించే ముందు ఆ అభ్యర్థికి షెడ్యూల్డ్ కులాలవారు వేసిన ఓట్లలో కనీసం 35 శాతం వచ్చి ఉండాలన్నది దాని సారం. ప్రత్యేక నియోజకవర్గం అడగలేదు. వాడ ఆమోదం కొంతైనా ఉండాలన్నారు. సర్దార్ పటేల్ దాన్ని తీవ్రంగా తోసిపుచ్చారు. నాగప్ప ఉపసంహరించుకున్నారు. మన చరిత్రలో ఈ తెలుగు దళిత నాయకుడి పేరు వినబడవలసినంతగా వినబడదు.

తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చేసరికి ద్విసభ్య నియోజకవర్గాలు నిలిచాయి. దేశంలో 401 లోక్‌సభ నియోజకవర్గాలుంటే వాటిలో 86 ద్విసభ్య, ఒకటి త్రిసభ్య నియోజకవర్గం. ఓటు మాత్రం పంచి తీరవలసిందే. అంబేడ్కర్ బొంబాయి ఉత్తర నియోజకవర్గంలో రిజర్వుడు స్థానానికి నిలబడ్డారు. సాధారణ స్థానానికి పొత్తులో ఉన్న సోషలిస్టు నాయకుడు అశోక్ మెహతా నిలబడ్డారు. ఆనాడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. ఓటరు చేతికి రెండు కాగితాలు ఇచ్చేవారు. రెండూ ఒకే పెట్టెలో వేస్తే ఒకటి చెల్లదు. 1952 జనవరిలో జరిగిన ఆ ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి నారాయణ కజ్రోల్కర్ చేతిలో అంబేడ్కర్ 14 వేలకు పైగా ఓట్లతో ఓడిపోయారు. మెహతా కూడా ఓడారు. రెండు కాగితాలూ ఒకే పెట్టెలో పడినందువల్ల చెల్లకుండాపోయినవి డెబ్బై వేలకు పైగా ఉన్నాయి. రెండో ఓటును వృథా చేయమని డాంగే నాయకత్వంలోని కమ్యూనిస్టులు ప్రచారం చేశారని అంబేడ్కర్ ఆరోపించి, ఎన్నికల పిటిషన్ వేశారు. ఫలితం మారలేదు. కూడబెట్టే ఓటు ఉన్నప్పుడు బలంగా లెక్కకు వచ్చే అదే చర్య, పంచే ఓటు కింద చెత్త కాగితమైంది.

1954లో భండారా ద్విసభ్య నియోజకవర్గానికి ఉపఎన్నిక వచ్చింది. మళ్ళీ అంబేడ్కర్ రిజర్వుడు స్థానానికి, అశోక్ మెహతా సాధారణ స్థానానికి నిలబడ్డారు. ఈసారి అనుచరులు ఆయనకు ఒక సలహా ఇచ్చారు. మన ఓటర్లు ఒక ఓటు మీకు వేసి, రెండోది ఎవరికీ ఉపయోగపడకుండా వదిలేస్తే మీ గెలుపు అవకాశం పెరుగుతుందన్నారు. లెక్క ప్రకారం అది సరైన సలహానే. సవర్ణ అభ్యర్థులకు దళితుల రెండో ఓటు పడకపోతే పోటీలో అంతరం తగ్గుతుంది. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. రాజ్యాంగాన్ని రాసిన తాను ఓటును పారేయమని చెప్పలేనన్నది ఆయన నిర్ణయం. రెండో ఓటు మెహతాకు వేయమన్నారు. ఓట్లు లెక్కించారు. మెహతా గెలిచారు. అంబేడ్కర్ కాంగ్రెస్ అభ్యర్థి భావురావ్ బోర్కర్ చేతిలో ఓడారు. దళితుల రెండో ఓటు సవర్ణ మిత్రుడికి వెళ్ళింది. సవర్ణుల రెండో ఓటు తగినంతగా ఆయన దగ్గరకు రాలేదు. ఆయన జీవితంలోని ఎన్నికల చరిత్రంతా నాకు ఈ ఒక్క ఫలితంలో కనబడుతుంది.

ఆ ఓటమి తర్వాత ఆయన విరక్తితో ఊరుకోలేదు. 1955లో భాషా రాష్ట్రాలపై రాసిన చిన్న పుస్తకంలో మళ్ళీ ఈ ప్రశ్న దగ్గరకే వచ్చారు. ఆ పుస్తకం తెలుగువారు తప్పక చదవాలి. భాష ప్రాతిపదికన రాష్ట్రం ఏర్పడితే ఏ కులం చేతికి పాలన వెళుతుందో చెప్పడానికి ఆయన తీసుకున్న ఉదాహరణల్లో ఆంధ్ర ఒకటి. ఇక్కడ భూమి, పదవులు, వ్యాపారం రెండు పెద్ద కులాల చేతుల్లో ఉన్నాయని, అస్పృశ్యులు వారి మీద ఆధారపడి బతుకుతున్నారని పేర్లతో సహా రాశారు. ఇటువంటి చోట ఏకసభ్య నియోజకవర్గం అల్పసంఖ్యాకులకు ప్రమాదమన్నారు. దానికి బదులు ఇద్దరు లేదా ముగ్గురు సభ్యులుండే నియోజకవర్గాలు, వాటిలో కూడబెట్టే ఓటు ఉండాలన్నారు. అదే ఏడు ఆయన సమాఖ్య చట్టసభల్లో రిజర్వుడు స్థానాలే వద్దని తీర్మానించింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆయన ఆలోచన అర్థమవుతుంది. తనవారు ఎన్నుకోని తనవాడు సభలో కూర్చోవడం వల్ల తనవారికి ఒరిగేదేమీ లేదని ఆయన తేల్చుకున్నారు. కుర్చీకంటే ఆ కుర్చీ మీద ఎవరి ఓటు కూర్చోబెట్టిందన్నదే ముఖ్యమనుకున్నారు. 1956 డిసెంబరు 6న కన్నుమూశారు. ఆ సూచనను ఎవరూ చర్చకు తీసుకోలేదు.

ద్విసభ్య నియోజకవర్గాల కథకు ముగింపు మన గడ్డమీదే జరిగింది. 1957లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గంలో ఒక సాధారణ స్థానం, ఒక గిరిజన రిజర్వుడు స్థానం ఉన్నాయి. సాధారణ స్థానానికి పోటీచేసిన కేంద్ర మాజీ మంత్రి వి.వి. గిరి మూడో స్థానంలో నిలిచారు. మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే వచ్చారు. ఇద్దరూ ఎన్నికైనట్లు ప్రకటించారు. గిరి కోర్టుకు వెళ్ళారు. రిజర్వేషన్ కనీస హామీయే గాని గరిష్ఠ పరిమితి కాదని, సాధారణ స్థానానికి గిరిజనుడు కూడా అర్హుడేనని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. అవి మరీ విశాలంగా ఉండి ప్రచారానికి భారమవుతున్నాయన్న ఫిర్యాదు కూడా ఉంది కనుక ఈ ఒక్క తీర్పే కారణమని నేను చెప్పను. అయినా క్రమాన్ని గమనించండి. ఆ పద్ధతిలో అంబేడ్కర్ రెండుసార్లు ఓడినప్పుడు ఎవరికీ లోపం కనబడలేదు. అదే పద్ధతిలో ఒక అగ్రనాయకుణ్ణి దాటి ఇద్దరు గిరిజనులు గెలిచాక నాలుగేళ్ళలో పద్ధతే పోయింది. దాన్ని సరిదిద్దే మార్గం, కూడబెట్టే ఓటు, అప్పటికే అచ్చులో ఉంది. ఎవరూ ఆ పుట తెరవలేదు.

ఇదంతా గతం కదా అనేవారు తమ ఊరి పంచాయతీని చూడాలి. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత జనాభా నిష్పత్తిలో రిజర్వేషన్లు వచ్చాయి. అది చిన్న విజయం కాదు. మన తెలుగు రాష్ట్రాల్లో వార్డు సభ్యుణ్ణి ఆ వార్డు ఎన్నుకుంటుంది. సర్పంచును ఊరంతా ఎన్నుకుంటుంది. నేను పుట్టిన ఊరిలో సర్పంచు పదవి ఎస్సీలకు వచ్చిన ఏడు మా వాడలో చదువుకున్న ఒక యువకుడు నిలబడ్డాడు. ఊరి పెద్దల అరుగు మీద మరో పేరు ఖరారైంది. ఆ మనిషీ మా వాడవాడే. వాడ ఓట్లు ఎక్కువగా ఎవరికి పడ్డాయో అందరికీ తెలుసు. గెలిచింది రెండో మనిషి. అయిదేళ్ళపాటు పంచాయతీ కాగితాలు ఆయన ఇంట్లో ఎన్నడూ లేవు. అది బొంబాయి ఉత్తర నియోజకవర్గమే, ఊరంత చిన్నదిగా. తెలంగాణలో 2018 చట్టం సర్పంచుతోపాటు ఉపసర్పంచుకు కూడా చెక్కుపై ఉమ్మడి సంతకం ఇచ్చాక, రిజర్వుడు సర్పంచు చేయి మరింత బిగిసింది.

కూడబెట్టే ఓటు కలలో మాట కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రం చిల్టన్ కౌంటీలో, ఊరంతా కలిసి ఎన్నుకునే పద్ధతి నల్లజాతివారిని పాలక మండలికి దూరంగా ఉంచిందన్న వ్యాజ్యం తర్వాత 1988లో దీన్ని ప్రవేశపెట్టారు. ఏడు స్థానాలు, ఏడు ఓట్లు, కూడబెట్టుకునే వీలు. జనాభాలో ఎనిమిదో వంతు దాకా ఉన్న నల్లజాతివారు మొదటి ఎన్నికలోనే తమ మనిషిని గెలిపించుకున్నారు. మన దేశంలో మహారాష్ట్ర 2017లో పుణె, నాగపూర్ వంటి నగరపాలికల్లో నలుగురు సభ్యుల వార్డులు పెట్టింది. కానీ అక్కడ నాలుగు స్థానాలకూ విడివిడిగా ఓటు వేయాలి, కూడబెట్టే వీలు లేదు. అంబేడ్కర్ హెచ్చరించిన రూపంలోనే బహుసభ్య వార్డు ఆయన గడ్డమీదకు తిరిగి వచ్చింది.

దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదన్నది నా అవగాహన. పంచాయతీల అధ్యాయం ఒక్కో ప్రాదేశిక నియోజకవర్గానికి కేటాయించే స్థానాల సంఖ్య గురించి మాట్లాడుతుందే గాని అది ఒకటే ఉండాలని అనదు. రాష్ట్ర శాసనం తలచుకుంటే కొన్ని పురపాలక సంఘాల్లో ప్రయత్నించి చూడవచ్చు. కూడబెట్టే ఓటుకూ లోపాలున్నాయి. కట్టుగా లేని సమూహం అందులో నష్టపోతుంది. ఒకే వాడ నుంచి నలుగురు నిలబడితే ఓట్లు చీలిపోతాయి. డబ్బు పంచేవాడికి కూడా అది కొత్త లెక్క నేర్పుతుంది. అయినా మాల, మాదిగ, సంచార కులాలు, బీసీల్లోని చిన్న కులాలు ఎవరి దయా లేకుండా తమ సంఖ్యకు తగిన గొంతు సంపాదించుకునే మార్గం అందులో ఉంది.

అందుకే విద్యార్థులను నేను కోరేది ఒకటే. విగ్రహానికి పూలదండ వేయండి, మంచిదే. కానీ మీ మున్సిపాలిటీ వార్డుల పునర్విభజన ముసాయిదా బయటికి వచ్చిన రోజున ఆ పటం తీసుకుని, మీ వాడ మీదుగా గీత ఎటు పోయిందో చూడండి. అభ్యంతరాలకు ఇచ్చే గడువు చాలా తక్కువ. ఆ కొద్ది రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. బొంబాయిలో, భండారాలో ఓడిన మనిషి తన జీవితంలో ముప్పై అయిదేళ్ళకు పైగా చేసింది ఈ పనే.